చీమకు తెలిసిన అస్త్రవిద్య

'క్రిమి' అన్న మాటను మనం ఎంతో ఉదారంగా వాడుతూ ఉంటాం. పొలంలో చల్లేది క్రిమిసంహారక మందు. ఆసుపత్రిలో చంపవలసినవి రోగక్రిములు. మొదటి చోట క్రిమి అంటే కంటికి కనిపించే కీటకం, రెండవ చోట కంటికి కనిపించని సూక్ష్మజీవి. 'పురుగు' అన్న అచ్చ తెలుగు మాటకూ ఇదే గతి. వంకాయలోనిదీ పురుగే, పుచ్చిన పంటిలో ఉన్నదని చెప్పుకునేదీ పురుగే. మాట ఒకటే అయినప్పుడు భావమూ ఒకటే అయింది: క్రిమి అంటే శత్రువు, శత్రువు అంటే సంహరింపదగినది. ఈ భావం మన నిత్యజీవితంలో ఎంతగా పాతుకుపోయిందంటే, ఒక క్రిమి ఒంటిమీద మరొక క్రిమి కాపురముండి, మూడవ క్రిమి బారినుండి దానిని కాపాడుతున్నదని ఎవరైనా చెబితే పిట్టకథ అనుకుంటాం.

అది పిట్టకథ కాదు. గత పాతికేళ్లుగా ప్రపంచపు ప్రయోగశాలలలో శ్రద్ధగా జరుగుతున్న పరిశోధన. కీటకాల ఒంటిమీద నివసించే బాక్టీరియాలు తయారుచేసే రసాయనాలు మనుషులకు కొత్త యాంటీబయాటిక్కులు కాగలవా అన్నది ప్రశ్న. పత్రికలలో అప్పుడప్పుడు 'చీమల నుంచి అద్భుత ఔషధం' వంటి శీర్షికలు వస్తుంటాయి. చదివినవారు "అమ్మయ్య, ఇక భయం లేదు" అనుకుని పుట తిప్పేస్తారు. ఆ నిశ్చింత మీదనే నా అభ్యంతరం. నేను తెలుగు పండితుణ్ణే గాని రసాయన శాస్త్రజ్ఞుణ్ణి కాను. అయినా చదివి తెలుసుకున్నంత మేరకు నాకు తోచినది చెబుతాను. చీమ దగ్గర మనం తీసుకోవలసినది మందు ఒక్కటే కాదు, ఆ మందును వాడే పద్ధతి కూడా. రెండవది నేర్వకుండా మొదటిది తెచ్చుకుంటే అదీ నాలుగు రోజుల ముచ్చటే అవుతుంది.

ముందుగా కొంచెం పూర్వకథ. తొలకరి చినుకు పడగానే నేల నుంచి లేచే కమ్మని మట్టివాసన ఎరుగనివారు ఉండరు. ఆ వాసనలో ప్రధానమైన జియోస్మిన్ అనే పదార్థాన్ని తయారుచేసేవి మట్టిలోని బాక్టీరియాలు. వాటిలో ముఖ్యమైనది స్ట్రెప్టోమైసిస్ అనే ప్రజాతి. ఇవి సన్నని నూలుపోగులవలె పెనవేసుకుని పెరుగుతాయి. మనం వాడుతూ వచ్చిన యాంటీబయాటిక్కులలో అధికభాగం ఈ వంశం పెట్టిన భిక్షే. 1943లో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో, వాక్స్‌మన్ ప్రయోగశాలలో, ఆల్బర్ట్ షాట్జ్ అనే యువకుడు స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నాడు. క్షయరోగానికి అదే తొలి సమర్థమైన యాంటీబయాటిక్.

ఈ చరిత్రలో తెలుగువారికి స్వయంగా ఒక పాలు ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు లెడర్లీ సంస్థలో పరిశోధన విభాగానికి అధిపతిగా ఉన్న రోజులలోనే, ఆయన నాయకత్వం కింద, బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త 1945లో ఆరియోమైసిన్ కనుగొన్నాడు. డగ్గర్ అప్పటికే విశ్వవిద్యాలయం నుంచి పదవీ విరమణ చేసి డెబ్బై దాటినవాడు. ఊరూరి నుంచి తెప్పించిన మట్టి నమూనాలను జల్లెడ పడుతూంటే, మిస్సోరీ రాష్ట్రపు మట్టిలో బంగారు రంగు స్ట్రెప్టోమైసిస్ ఒకటి దొరికింది. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదే మూలపురుషుడు. 1948లో ఆ మందు లోకానికి వెల్లడైంది. అదే సంవత్సరం సుబ్బారావు గారు కన్నుమూశారు.

అయితే ఆ మట్టి గని క్రమంగా అడుగంటింది. తవ్వగా తవ్వగా పాత నాణేలే మళ్ళీ దొరికినట్లు, ఎంత మట్టి వెదికినా అంతకుముందు తెలిసిన రసాయనాలే తిరిగి తిరిగి రాసాగాయి. ఇంకొకవైపు రోగకారక బాక్టీరియాలు పాత మందులకు అలవాటు పడసాగాయి. మందుకు లొంగని బాక్టీరియాల వల్ల నేరుగా 2019 ఒక్క ఏడాదిలో ప్రపంచమంతటా సుమారు 12.7 లక్షల మంది మరణించారని 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా కట్టింది. అందుచేత శాస్త్రజ్ఞులు కొత్త చోట్లు వెదకడం మొదలుపెట్టారు. సముద్రగర్భం ఒక చోటు. కీటకదేహం మరొక చోటు.

అమెరికా ఖండాలలో ఆకులు కత్తిరించే చీమలు ఉన్నాయి. అవి ఆకుముక్కలను గొడుగుల్లా పైకెత్తి పట్టుకుని బారులు తీరి పుట్టలోకి మోసుకుపోతాయి. కాని ఆ ఆకులు తినడానికి కావు. వాటిని నమిలి మెత్తగా చేసి, ఎరువుగా వేసి, దానిమీద ఒక జాతి శిలీంధ్రాన్ని, అంటే బూజువంటి పంటను పెంచుతాయి. ఆ పంటే వాటి ఆహారం. ఈ సంగతిని థామస్ బెల్ట్ అనే ఆంగ్లేయుడు నికరాగువా అడవులలో గమనించి 1874లో రాశాడు. మనిషి నాగలి పట్టి పదిపన్నెండు వేల ఏళ్లయితే, చీమ సేద్యం మొదలుపెట్టి అయిదు కోట్ల ఏళ్లు దాటింది.

సేద్యమన్న తరువాత చీడ తప్పదు. ఎస్కోవాప్సిస్ అనే మరొక బూజు ఈ తోటకు పట్టే తెగులు. అదుపు తప్పితే తోట మొత్తాన్ని, తోటతోపాటు పుట్టనూ నాశనం చేయగలదు. ఈ చీమలలో కొన్ని జాతుల ఒంటిమీద విభూతి పూసుకున్నట్లు తెల్లని పూత కనబడుతుంది. చాలాకాలం అది ఏదో మైనపు పొర అనుకున్నారు. 1999లో కామెరాన్ కరీ, అతని సహచరులు 'నేచర్' పత్రికలో అసలు విషయం ప్రకటించారు. ఆ పూత బాక్టీరియా. అది తయారుచేసే రసాయనం ఎస్కోవాప్సిస్ పెరుగుదలను అణచివేస్తుంది. మొదట దానిని స్ట్రెప్టోమైసిస్ అని భావించినా, తరువాత స్యూడోనోకార్డియా అనే దాని దాయాది అని తేలింది. ఈ బాక్టీరియా నివసించడానికి చీమ పైపొట్టు మీద ప్రత్యేకమైన చిన్న చిన్న గుంటలు, వాటికి పోషణ అందించే గ్రంథులు ఉన్నాయని 2006లో కనుగొన్నారు. అంటే చీమ తన ఒంటిమీద ఆ బాక్టీరియాకు వసతి గృహం కట్టి, భోజనం కూడా పెడుతున్నదన్నమాట. కొత్త కాపురానికి ఎగిరిపోయే రాణి చీమ పుట్టింటి సారెగా రెండు వస్తువులు తీసుకువెళుతుంది: నోటి సంచిలో పంట బూజు ముద్ద, ఒంటిమీద ఈ బాక్టీరియా.

'పుట్టగొడుగు' అనే మాట చేసిన మన పూర్వులకు ఇటువంటి సంబంధం ఒకటి కంటబడే ఉండాలి. మన చెదపురుగులలోనూ కొన్ని పుట్టల లోపల బూజు తోటలు పెంచుతాయి. వానలు పడగానే ఆ పుట్టల మీద పొడుచుకువచ్చే గొడుగులు ఆ తోటలోని శిలీంధ్రానివే. ఆఫ్రికాలోని ఇటువంటి చెదల పుట్టలలో ఒక బాసిల్లస్ బాక్టీరియా తోటకు పనికిరాని బూజులను అణచే రసాయనాన్ని తయారుచేస్తున్నదని 2013లో వెల్లడైంది.

ఐరోపాలో తేనెటీగలను వేటాడే ఒక కందిరీగ కథ ఇంకా ముచ్చటైనది. దానిని 'బీవుల్ఫ్' అంటారు. ఆడ కందిరీగ ఇసుకనేలలో గది తవ్వి, స్పృహ తప్పించిన తేనెటీగలను అందులో ఉంచి, గుడ్డు పెడుతుంది. దాని స్పర్శశృంగాలలో, మనం మీసాలనే వాటిలో, స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియాను పెంచే గ్రంథులు ఉన్నాయి. ఆ తెల్లని పదార్థాన్ని తల్లి గది కప్పుకు పూస్తుంది. పిల్లపురుగు పెరిగి గూడు అల్లుకునేటప్పుడు దానిని తీసి గూటి దారాలలో కలుపుకుంటుంది. తేమతో, బూజుతో నిండిన నేలలో నెలల తరబడి నిద్రపోయే ఆ బిడ్డకు అదే రక్షరేకు. ఈ సంగతిని మార్టిన్ కాల్టెన్‌పోత్ బృందం 2005లో వెల్లడించింది. 2010లో ఆ గూటిని పరీక్షిస్తే ఒకటి కాదు, తొమ్మిది యాంటీబయాటిక్కులు కలిసి ఉన్నట్లు తేలింది. ఈ సహజీవనం మొదలై కనీసం 6.8 కోట్ల ఏళ్లయిందని 2014లో లెక్క కట్టారు.

మనుషుల మందుల విషయానికి వస్తే, 2017లో కెన్యా తుమ్మచెట్ల బోలు ముళ్లలో కాపురముండే చీమల దగ్గర దొరికిన స్ట్రెప్టోమైసిస్ నుంచి ఫార్మికామైసిన్లు వెలికివచ్చాయి. ఆసుపత్రులను గడగడలాడించే, మెథిసిలిన్‌కు లొంగని స్టాఫిలోకాకస్ మీద అవి పనిచేశాయి. ప్రయోగశాలలో వాటికి నిరోధకత అంత తేలికగా పుట్టలేదు కూడా. 2019లో మరొక పెద్ద పరిశోధనలో వెయ్యికి పైగా కీటకాలను సేకరించి పరీక్షిస్తే, మందులకు లొంగని రోగకారకాలను అణచడంలో మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ కన్నా కీటకాల మీది స్ట్రెప్టోమైసిస్ మిన్న అని తేలింది. బ్రెజిల్ చీమ నుంచి దొరికిన సైఫోమైసిన్ మొండి శిలీంధ్రాల మీద, ఎలుకలలో సైతం, పనిచేసింది. ఇవేవీ ఇంకా మందుల షాపు అరల మీదికి రాలేదని మాత్రం గుర్తుంచుకోవాలి. ప్రయోగశాలకూ రోగి మంచానికీ నడుమ ఏళ్ల దూరం ఉంటుంది.

ఇక నేను చెప్పదలచిన మాట. పెన్సిలిన్ కనుగొన్నది 1928లో. 1945లో నోబెల్ బహుమానం అందుకుంటూనే ఫ్లెమింగ్, చాలీచాలని మోతాదులో వాడితే సూక్ష్మజీవులు దీనికి లొంగకుండా పోతాయని హెచ్చరించాడు. ఆ హెచ్చరిక ఎంతో కాలం పట్టకుండానే నిజమైంది. చీమలు, కందిరీగలు ఇవే ఆయుధాలను కోట్ల ఏళ్లుగా ఎట్లా వాడుకోగలుగుతున్నాయి? నాకు మూడు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది, చీమకు మందు కంటే ముందు శుభ్రత. తోటలో తెగులు కనబడగానే చీమలు మొదట చేసే పని కలుపు తీయడం. బూజు బీజాలను నోటితో ఏరి పారవేస్తాయి. సోకిన ముక్కను కత్తిరించి తోట బయట పడవేస్తాయి. చెత్తకు వేరే చోటు, చెత్త మోయడానికి వేరే చీమలు ఉంటాయి. ఆకులు కత్తిరించే చీమలలోనే ఆట్టా అనే ప్రజాతికి ఈ తెల్లపూత బాక్టీరియా లేనే లేదు. అది తన గ్రంథుల స్రావాలతో, ఈ శుభ్రతతో లక్షలాది చీమల నగరాన్ని నెట్టుకువస్తున్నది.

రెండవది, పొదుపు. బాక్టీరియా పూత దట్టంగా ఉండేది లోపల తోటపని చేసే వయసు చీమలకు. ఆకుల కోసం బయట తిరిగే పెద్ద చీమలకు అది పలుచబడిపోతుంది. మందు అవసరమున్న చోటనే ఉంటుంది. దారి పొడుగునా చల్లుకుంటూ పోదు.

మూడవది, కలగలుపు. కందిరీగ గూటిలో తొమ్మిది రకాల మందులు ఒక్కసారిగా ఉంటాయి. ఒకదానిని తప్పించుకున్న బూజును మరొకటి పట్టుకుంటుంది. మనుషులకు ఈ పాఠం క్షయరోగం నేర్పింది. 1948లో వెలువడిన ఇంగ్లండు పరీక్షలలో స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇచ్చిన రోగులలో చాలామందికి కొద్ది నెలలలోనే మందుకు లొంగని క్రిములు పుట్టాయి. ఆ పిమ్మటనే రెండు మూడు మందులు కలిపి ఇచ్చే పద్ధతి వచ్చింది.

చీమకు ఇంత వివేకమెక్కడిది, అది ప్రకృతి వరణం చేసిన పని కదా అని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. చీమను ఋషిని చేయడం నా ఉద్దేశం కాదు. శత్రువు కూడా చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఎస్కోవాప్సిస్ తానూ రసాయనాలు తయారుచేసి ఆ బాక్టీరియాను, చీమలను దెబ్బతీయగలదని 2018లో తేల్చారు. అది నిత్య సంగ్రామం. అయితే ఆ పక్షాన బాక్టీరియా కూడా ప్రాణమున్నదే; శత్రువు మారితే తానూ మారగలదు. మన సీసాలోని మాత్రకు ఆ శక్తి లేదు. తయారైననాడు ఎట్లా ఉన్నదో చివరిదాకా అట్లాగే ఉంటుంది. కాబట్టి చీమకంటే మనమే ఎక్కువ జాగ్రత్తగా ఉండవలసినవాళ్లం. జరుగుతున్నది దీనికి తలక్రిందులు.

భారతం చదువుకున్నవారికి అస్త్రవిద్య ధర్మం తెలుసు. ప్రయోగం నేర్చినవాడు ఉపసంహారమూ నేర్వాలి. సౌప్తిక పర్వంలో అర్జునుడు తన అస్త్రాన్ని వెనక్కు తీసుకోగలిగాడు. అశ్వత్థామ తీసుకోలేక గర్భస్థ శిశువు మీదికి మళ్ళించాడు. కర్ణుడి కథ ఇంకా దగ్గరగా ఉంది. ఇంద్రుడిచ్చిన శక్తి ఒక్కసారే పనికివస్తుంది. అర్జునుడి కోసం దాచుకున్న దానిని ఘటోత్కచుడి మీద ఖర్చుచేసి, అసలు రోజున రిక్తహస్తుడయ్యాడు. యాంటీబయాటిక్కులూ అటువంటి శక్తులే. మనం వాటిని ఘటోత్కచుడి వంటి వీరుడి మీద సైతం కాదు, జలుబు మీద ఖర్చుచేస్తున్నాం. జలుబుకు కారణం వైరస్. యాంటీబయాటిక్ దానిని ఏమీ చేయలేదు. అయినా మందుల షాపుకు వెళ్లి "ఏదైనా గట్టి మాత్ర ఇవ్వు" అంటే, చీటీ అడగకుండానే చేతిలో పడుతుంది. మూడో మాత్రకు జ్వరం తగ్గితే మిగిలినవి అలమారులో దాచి, మరుసటి నెల ఇంట్లో మరొకరికి వేస్తారు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అనే సామెత దీనికోసమే పుట్టిందా అనిపిస్తుంది.

చట్టాలు లేక కాదు. చీటీ లేకుండా ముఖ్యమైన యాంటీబయాటిక్కులు అమ్మరాదని, అమ్మితే పుస్తకంలో రాసి ఉంచాలని చెప్పే షెడ్యూల్ హెచ్1 నిబంధన 2014 మార్చి నుంచి అమలులోకి వచ్చింది. అట్ట మీద ఎర్రగీత ఉంటే వైద్యుని సలహా లేనిదే వాడవద్దని 2016లో ప్రచారం చేశారు. ఆ గీతకు అర్థం ఎన్ని ఇళ్లలో తెలుసునో పాఠకులే తమ ఇంట అడిగి చూడండి.

మన గడ్డ మీద మరొక రకం వృథా కూడా జరిగింది. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో, సుమారు 90 ఔషధ కర్మాగారాల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటకు వచ్చే నీటిని పరీక్షించారు. అందులో సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే దానికంటే ఇది ఎక్కువ. వాగులోని బాక్టీరియాకు మనమే రేయింబవళ్లు సాముగరిడీ నేర్పించామన్నమాట. ఇటువంటి వ్యర్థాలలో యాంటీబయాటిక్ అవశేషాలకు హద్దులు పెడుతూ 2020 జనవరిలో కేంద్రం ముసాయిదా నియమాలు తెచ్చింది. 2021లో వచ్చిన తుది నియమాలలో ఆ హద్దులు కనబడలేదు. సుబ్బారావు గారు పుట్టిన భీమవరం ప్రాంతం ఇప్పుడు రొయ్యల చెరువులకు పేరుమోసినది. నిషిద్ధ యాంటీబయాటిక్కుల అవశేషాలున్నాయని మన దేశపు రొయ్యల సరుకును విదేశాలు తిప్పిపంపిన సందర్భాలు ఉన్నాయి. ఆ మహానుభావుడి జన్మస్థలం పేరు యాంటీబయాటిక్కుల దుర్వినియోగంతో కలిపి వినవలసిరావడం తెలుగువాడిగా నాకు మింగుడుపడదు.

కొత్త మందులు ఎలాగూ వస్తాయి కదా అనేవారికి ఒక మాట. 2018లో అమెరికాలో అనుమతి పొందిన ప్లాజోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను తయారుచేసిన సంస్థ 2019లోనే దివాలా తీసింది. మంచి యాంటీబయాటిక్‌ను తక్కువగా, ఆఖరి అవసరానికే వాడాలి. తక్కువగా వాడితే వ్యాపారికి లాభం రాదు. కాబట్టి ఈ పరిశోధనను అంగడి లెక్కలకు వదిలిపెట్టక ప్రభుత్వాలు ప్రజాధనంతో నిలబెట్టాలి. చీమలున్న అడవులు నిలవాలి. ఏ చీమ ఏ మందును మోస్తున్నదో పరీక్షించకముందే అడవి నరికితే, చదవని తాళపత్రాలను పొయ్యిలో పెట్టినట్లే.

ఇవి ప్రభుత్వాల పనులు. మన పని చిన్నది. వైద్యుడు రాయనిదే యాంటీబయాటిక్ అడగకపోవడం, రాసినది చెప్పినన్నాళ్లు వాడడం, మిగిలిన మాత్రలను మరొకరికి దానం చేయకపోవడం, అన్నిటికంటే ముందు చేతులూ నీళ్లూ పరిసరాలూ శుభ్రంగా ఉంచుకోవడం. బడిలో పిల్లలకు చీమను గురించి చెప్పేటప్పుడు శ్రమజీవి, క్రమశిక్షణ గలది అని చెబుతాం. ఇకమీదట పాఠంలో మరొక వాక్యం చేర్చమని ఉపాధ్యాయ మిత్రులను కోరుతున్నాను: చీమ ముందు తోటను శుభ్రం చేస్తుంది, మందు జోలికి తరువాతనే వెళుతుంది.